ఒకే సెట్టింగుకు ఇద్దరు పెత్తందార్లు

సూరత్ నుంచి భరూచ్ వైపు వెళ్లే రైలు సాయణ్ దాటి కిమ్ చేరేలోపు పట్టాలకు అటూ ఇటూ చెరుకు పొలాలు, వాటి మధ్య సాంచాల (మరమగ్గాల) షెడ్లు కనిపిస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చి తరాలుగా సూరత్ జిల్లాలో స్థిరపడ్డ నేత కుటుంబాలకు షెడ్లు కొత్త కాదు. కొత్తగా వచ్చినదల్లా షెడ్డు పక్కన ఆఫీసు గది, ఆ గదిలో ఒక కంప్యూటరు. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు పనులు, సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్ వ్యాపారులతో లెక్కలు అన్నీ దాని మీదే. యాభై వేల రూపాయల విలువ దాటిన సరుకు బండెక్కాలంటే సాధారణంగా ఈ-వే బిల్లు కావాలి, అదీ నెట్ మీదే పుట్టాలి. ఇలాంటి ఆఫీసుల్లో ఉండేవి చాలామటుకు పాత మిషన్లు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, పాతవాటిలో చాలావాటికి అది ఉండదు. నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటరును తుక్కు కింద అమ్ముకునే బదులు దాని మీద ఉబుంటూయో, లినక్స్ మింటో, డెబియనో, ఏదో ఒక లినక్స్ వేసుకోవడం తెలివైన పని అని నా అభిప్రాయం. ఆ పని చేసినవాళ్లకు ముందుగా ఎదురయ్యే చిక్కు నెట్‌వర్క్. ఈ రోజు ప్రసంగం దాని గురించే.

నెట్ రాకపోతే చాలామంది చేసేది ఒకటే. ఎవరో ఎప్పుడో తమ కంప్యూటరు కోసం రాసుకున్న కమాండు ఒకటి తెచ్చి టెర్మినల్‌లో అతికిస్తారు. అది పారకపోతే ఇంకొకటి. నాలుగోది అతికించేసరికి మొదట ఉన్న లోపం ఏమిటో ఎవరికీ తెలియదు, కొత్తగా మనం తెచ్చిపెట్టుకున్నవి మూడు దాని మీద కూర్చుంటాయి. నేను చెప్పదలచుకున్నది ఇది. డెస్క్‌టాప్ లినక్స్‌లో కాన్ఫిగరేషన్ ఇబ్బందులు చాలావరకు తప్పు నంబరు వల్ల పుట్టవు. ఒకే సెట్టింగు మీద ఇద్దరో ముగ్గురో పెత్తనం చేయడం వల్ల పుడతాయి. అందుకని ‘ఏం మార్చాలి’ అని అడిగేముందు ‘దీన్ని ఇప్పుడు రాస్తున్నది ఎవరు’ అని అడగాలి. ఈ ప్రశ్నకు జవాబు దొరికితే సగం పని అయినట్టే. దొరకకుండా దిద్దితే ఆ దిద్దుబాటు మరుసటి రోజు దాకా కూడా నిలవదు.

ఇంతమంది పెత్తందార్లు ఎక్కడి నుంచి వచ్చారు? దీనికి కొంత చరిత్ర ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు కంప్యూటరు బల్ల మీద నుంచి కదిలేది కాదు. దానికి ఒక తీగ, ఒక చిరునామా. ఈటీసీ అనే ఫోల్డర్‌లో రెండు మూడు చిన్న ఫైళ్లలో ఆ నంబర్లు చేత్తో రాసి పెడితే ఏళ్ల తరబడి అలాగే ఉండేవి. తర్వాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. పొద్దున ఇంట్లో, మధ్యాహ్నం ఆఫీసులో, సాయంత్రం రైల్వే స్టేషన్‌లో నెట్ కావాలి, చోటు మారినప్పుడల్లా నంబర్లూ మారాలి. ఆ అవసరం కోసం 2004లో రెడ్ హ్యాట్ వాళ్లు నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టారు. ఆపైన సిస్టమ్‌డీ వచ్చింది, దాని వెంట పేర్లకు నంబర్లు వెతికిపెట్టే రిజాల్వ్‌డీ వచ్చింది. 2017లో ఉబుంటూ 17.10తో నెట్‌ప్లాన్ అనే ఇంకో పొర చేరింది. వచ్చిన ప్రతిదీ ఒక నిజమైన అవసరానికే వచ్చింది. అయితే కొత్తది వచ్చినప్పుడు పాతది వెళ్లిపోలేదు. సర్వర్లు నడిపేవాళ్లకు పాతదే ముద్దు, ల్యాప్‌టాప్ వాళ్లకు కొత్తది కావాలి. రెండు రకాల జనానికీ ఒకే సాఫ్ట్‌వేర్ అందించాలి కాబట్టి అన్నీ ఒకే ఇంట్లో ఉండిపోయాయి.

ఈ ఉమ్మడి కాపురంలో తగువు బాగా కనిపించే చోటు రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు. మనం టైపు చేసే వెబ్‌సైట్ పేరుకు నంబరు ఏ సర్వర్‌ను అడగాలో అందులో ఉంటుంది. పేర్లు నంబర్లుగా మార్చే ఈ డీఎన్ఎస్ పద్ధతిని 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. అంతకు ముందు నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే జాబితాలో ఉండేవి. ఆ జాబితాకు గుర్తుగా హోస్ట్స్ అనే ఫైలు ఇవాళ్టికీ మన కంప్యూటర్‌లో ఉంది, సాధారణంగా డీఎన్ఎస్ కంటే ముందు దాన్నే చూస్తుంది కూడా. ఇప్పుడు ఉబుంటూలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ తెరిస్తే 127.0.0.53 అనే నంబరు కనిపిస్తుంది. అది బయటి సర్వర్‌ది కాదు, మన మిషన్‌ది. రిజాల్వ్‌డీ అక్కడ కూర్చుని ప్రశ్నలు తీసుకుని, అసలు సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చిస్తుంది. సంగతి తెలియనివారు ఆ నంబరు చూసి ‘ఇదేదో తప్పు’ అనుకుని దాన్ని చెరిపి 8.8.8.8 అని రాస్తారు. నెట్ వెంటనే వస్తుంది, ఎందుకంటే మధ్యవర్తిని పక్కన పెట్టి నేరుగా గూగుల్ సర్వర్‌ను అడిగినట్టయింది. రాత్రి కంప్యూటరు ఆపి పొద్దున వేస్తే మళ్లీ మొదటికే. ఈటీసీలో కనిపించే ఆ ఫైలు నిజానికి ఒక లింకు. అసలు ఫైలు ర్యామ్‌లో ఉండే రన్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. మిషన్ ఆగితే అదీ పోతుంది, మళ్లీ ఆన్ చేస్తే రిజాల్వ్‌డీ కొత్తగా రాసుకుంటుంది. ఆ ఫైలు మొదటి వరుసల్లోనే దీన్ని ఎవరు నిర్వహిస్తున్నారో చెప్పి, చేత్తో దిద్దవద్దని కూడా రాసి ఉంటుంది. కానీ హాష్ (#) గుర్తుతో మొదలయ్యే వరుసలు చదివేవాళ్లు ఎందరు!

దీనికి విరుగుడుగా చలామణిలో ఉన్న చిట్కా ఇంకా పెద్ద ముప్పు. ఫైలును ఎవరూ మార్చలేకుండా ఛాట్ర్ (chattr) అనే కమాండుతో తాళం వేయడం. ‘నా నంబరు నిలిచింది కదా, ఇంకేం కావాలి’ అంటారు ఆ పద్ధతి నమ్మినవారు. ఆ ఒక్క గదిలో, ఆ ఒక్క తీగ మీద నిలుస్తుంది, నిజమే. ఆ కంప్యూటరును ఇంకో చోటికి తీసుకుపోయి, అక్కడి వైఫైలో ముందు లాగిన్ పేజీ తెరవాల్సి వచ్చినప్పుడు ఆ పేజీ రాకుండా పోవచ్చు, ఎందుకంటే అలాంటి చోట్ల లోపలి డీఎన్ఎస్‌ను అడిగితేనే ఆ దారి చూపిస్తుంది. కంపెనీ వీపీఎన్ కలిపితే లోపలి సర్వర్ల పేర్లు దొరకవు. పైగా సూపర్ యూజర్ కూడా ఆ ఫైలును చెరపలేడు, తాళం సంగతి గుర్తుంటే తప్ప. ఆరు నెలల తర్వాత అది గుర్తుండేది ఎవరికి? పెత్తందార్లు ఇద్దరుంటే ఒకరి చేతులు కట్టేయడం కంటే, ఎవరిది పెత్తనమో తెలుసుకుని వాళ్లకే మన మాట చెప్పడం తేలిక. నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగుల్లో ఆ కనెక్షన్ తెరిచి, డీఎన్ఎస్ గడిలో మనకు కావలసిన నంబరు రాసి, ఆటోమేటిక్ అన్న మీట తీసేస్తే చాలు. రిజాల్వ్‌డీకి ఆ కబురు నెట్‌వర్క్ మేనేజరే అందిస్తుంది, రీస్టార్ట్ అయినా చెరగదు.

ఎవరిది పెత్తనమో కనుక్కోవడానికి మంత్రాలేమీ అక్కర్లేదు. లినక్స్‌లో నాకు బాగా నచ్చే గుణం ఇదే, ఏ సెట్టింగు ఎవరు రాశారో చాలాచోట్ల అది తనంతట తానే చెబుతుంది. టెర్మినల్‌లో ‘ఐపీ రూట్’ అని కొడితే బయటికి వెళ్లే దారి ఒక వరుసలో వస్తుంది. ఆ వరుసలో ‘ప్రోటో డీహెచ్‌సీపీ’ అని ఉంటే ఆ దారి రౌటర్ ఇచ్చినది, ‘ప్రోటో స్టాటిక్’ అని ఉంటే సాధారణంగా ఎవరో స్థిరంగా పెట్టినది. ‘ఐపీ అడ్రస్’ అని కొడితే మన చిరునామా వస్తుంది. దాని పక్కన ‘డైనమిక్’ అన్న మాట, కింద సెకన్లలో గడువు ఉంటే అది అద్దెకు తెచ్చుకున్న చిరునామా. ‘ఫరెవర్’ అని ఉంటే స్థిరంగా ఇచ్చినది. ‘ఎన్ఎంసీఎల్ఐ డివైస్’ అంటే నెట్‌వర్క్ మేనేజర్ ఒక్కో కార్డు గురించి తన మాట చెబుతుంది. ‘కనెక్టెడ్’ అంటే తన చేతిలో ఉందని. ‘ఎక్స్‌టర్నల్లీ’ అని పక్కన తగిలిస్తే వేరే ఎవరో కలిపారు, తను చూస్తూ ఊరుకుందని. ‘అన్‌మేనేజ్డ్’ అంటే తనకు సంబంధం లేదని చేతులు దులుపుకున్నట్టు. డెబియన్‌లో ఈ చివరిది తరచుగా ఎదురవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్‌వర్క్ కార్డు పేరు ఇంటర్‌ఫేసెస్ అనే పాత ఫైలులోకి చేరి ఉంటే, దాన్ని పాత పద్ధతికి వదిలేసి నెట్‌వర్క్ మేనేజర్ తప్పుకుంటుంది. తెర మీద బొమ్మలు ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. ఆ ఫైలులో ఆ కార్డు వరుసలు తీసేసి రీస్టార్ట్ చేస్తే చాలు. ఉబుంటూలో అయితే నెట్‌ప్లాన్ ఫోల్డర్ చూడాలి, 23.10 నుంచి నెట్‌వర్క్ మేనేజర్ తన కనెక్షన్లను కూడా అక్కడే దాచుకుంటోంది.

అయితే పెత్తనం ప్రశ్న అడగడానికి ముందు, లోపం ఏ మెట్టు మీద ఉందో తేల్చుకోవాలి. సాంచ ఆగితే పడుగు తెగిందా, పేక తెగిందా అని చూడకుండా మోటారు విప్పే మనిషి కిమ్‌లో దొరకడు. నెట్‌వర్క్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం ముందు మోటారే విప్పుతాం. కింది నుంచి పైకి వెళ్లాలి. తీగ గుచ్చిన చోట దీపం వెలుగుతోందా? షెడ్డులో ఆ చివర నుంచి ఈ చివరకు లాగిన రాగి ఈథర్‌నెట్ కేబుల్ వంద మీటర్లు దాటితే అది ప్రమాణం ఒప్పుకునే హద్దు దాటినట్టు, దానికి ఏ సాఫ్ట్‌వేర్ మందూ లేదు. గిగాబిట్ రావాల్సిన చోట వంద మెగాబిట్‌కు పడిపోతే కేబుల్‌లో ఏదో ఒక తీగ తెగిందేమో చూడాలి, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, వంద మెగాబిట్‌కు రెండు చాలు. తీగ బాగుంటే చిరునామా వచ్చిందా చూడాలి. ఎఫ్ఈ80తో మొదలయ్యే పొడుగాటి నంబరు చూసి ‘వచ్చింది’ అనుకోకండి, అది మిషన్ తనకు తాను పెట్టుకునేది, రౌటర్ పలికినా పలకకపోయినా ఉంటుంది. చిరునామా ఉంటే రౌటర్‌కు పింగ్ పంపాలి, అంటే పలుకుతుందో లేదో ఒక కేక వేసి చూడాలి. మైక్ మూస్ అనే అమెరికన్ 1983 డిసెంబరులో రాసిన ఈ చిన్న ప్రోగ్రాం నలభై ఏళ్లుగా అదే పని చేస్తోంది. లినక్స్‌లో కంట్రోల్ సీ కొట్టేదాకా ఆగదు, అది లోపం కాదు, కంగారు పడవద్దు. రౌటర్ పలికితే బయట ఒక నంబరుకు, ఆ తర్వాత ఒక పేరుకు పింగ్ పంపాలి. నంబరుకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే తప్పు డీఎన్ఎస్‌లో ఉంది, ఇందాకటి రిజాల్వ్ డాట్ కాన్ఫ్ కథ అక్కడ పనికొస్తుంది. నంబరుకే రాకపోతే డీఎన్ఎస్ జోలికి పోవడం దండగ.

‘ఎప్పుడు చూసినా డీఎన్ఎస్సే కారణం’ అని సిస్టమ్ అడ్మిన్ల మధ్య ఒక హాస్యోక్తి ఉంది. అది సగమే నిజం. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలు ప్రపంచమంతటా మూతపడ్డాయి. బయటి నుంచి చూసినవాళ్లకు డీఎన్ఎస్ పోయినట్టే కనిపించింది, ఆ పేర్లకు నంబర్లు రావడం లేదు కాబట్టి. అసలు జరిగింది ఇంకో చోట. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండు ఆ సంస్థ డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌ను తెంచింది. డేటా సెంటర్లు అందక, వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు తమ దారులను ప్రపంచానికి ప్రకటించడం తామే మానుకున్నాయి. అలా మానుకోవాలన్నది ముందే రాసిపెట్టుకున్న నియమం. డీఎన్ఎస్ సర్వర్లు పనిచేస్తూనే ఉన్నాయి, వాటి దగ్గరికి దారే లేదు. అంత పెద్ద సంస్థలోనే లక్షణం ఒక మెట్టు మీద, కారణం ఇంకో మెట్టు మీద ఉన్నప్పుడు, ఆఫీసు గదిలోని మన మిషన్ విషయంలో మొదటి చూపుకే తీర్పు ఇవ్వకూడదు.

దారి గురించే ఇంకో చిక్కు ఉంది, ఫ్యాక్టరీ ఆఫీసుల్లో ఎదురు చూడదగ్గది. కంప్యూటరుకు తీగ ద్వారా సీసీటీవీ, హాజరు యంత్రం ఉన్న లోపలి నెట్‌వర్క్ కలిసి ఉంటుంది. వైఫై ద్వారా ఇంటర్నెట్ ఉంటుంది. రెండూ కనెక్టెడ్ అనే చూపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. ఇక్కడ ఇద్దరు పెత్తందార్లు రెండు కార్డులు. బయటికి పోయే దారి తనదేనని రెండూ అంటాయి. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా తీగకు 100, వైఫైకి 600 అని వెల కడుతుంది, తక్కువ వెల ఉన్న దారినే లినక్స్ ఎంచుకుంటుంది. కాబట్టి ఇంటర్నెట్ లేని తీగ మీదకే ప్రయాణమంతా మళ్లుతుంది. ఆ దారిలో నెట్ ఉందో లేదో అప్పుడప్పుడు పరీక్షించే ఏర్పాటు ఆన్‌లో ఉన్న సిస్టమ్‌లో, నెట్ లేని దారి వెలకు 20 వేలు కలిపి దాన్ని వెనక్కి నెడుతుంది. ఆఫ్‌లో ఉన్నచోట ఆ తెలివి ఉండదు. వైఫై డ్రైవరు మార్చినా, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టినా ఫలితం లేదు. తీగ కనెక్షన్ సెట్టింగుల్లో ‘ఈ కనెక్షన్‌ను దాని నెట్‌వర్క్‌లోని వాటికే వాడు’ అనే అర్థం వచ్చే గడి ఒకటి ఉంటుంది, అందులో టిక్ పెట్టడమే మందు.

పెత్తనాల తగువు కంప్యూటరు బయట కూడా జరుగుతుంది. వైఫై అందడం లేదని ఎవరో ఇంకో రౌటర్ కొనుక్కొచ్చి, దాని లాన్ రంధ్రంలో ఆఫీసు కేబుల్ గుచ్చుతారు. ఇప్పుడు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సర్వర్లు ఆ తీగ మీద రెండయ్యాయి. కంప్యూటరు లేచి ‘నాకో చిరునామా ఇవ్వండి’ అని కేకేస్తే ఎవరు ముందు పలికితే సాధారణంగా వాళ్లదే తీసుకుంటుంది. కొన్ని మిషన్లకు 192.168.1తో మొదలయ్యే నంబరు, కొన్నింటికి 192.168.0తో మొదలయ్యేది వస్తుంది. ఒకరికి ప్రింటర్ కనిపిస్తుంది, ఒకరికి కనిపించదు. పొద్దున బాగున్నది మధ్యాహ్నం పోతుంది, మిషన్ కొత్తగా చిరునామా అడిగినప్పుడల్లా, రౌటర్ ఆపి వేసినప్పుడల్లా తగువు మళ్లీ మొదలవుతుంది. దీన్ని లినక్స్ లోపం అనుకుని విండోస్‌కు మారినా అదే బాధ. ఇంకో రకం ఏమిటంటే, ప్రింటర్‌కో కెమెరా పెట్టెకో స్థిరమైన నంబరు ఇస్తారు, అదే నంబరు రౌటర్ పంచే కుప్పలో కూడా ఉంటుంది. ఒకనాడు రౌటర్ దాన్ని ఇంకో కంప్యూటరుకు ఇస్తుంది. ఒకే ఇంటి నంబరుకు ఇద్దరు, ఉత్తరం ఎవరికి చేరుతుందో చెప్పలేం. స్థిరమైన నంబర్లు ఆ కుప్ప బయట నుంచి ఇవ్వాలి, లేదా రౌటర్‌లోనే ఆ యంత్రానికి ఆ నంబరు కేటాయించాలి. రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేయాలి.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది అందరూ అనేదే. ‘ఇంత విచారణ ఎందుకండీ, ఒకసారి రీస్టార్ట్ చేస్తే పోతుంది కదా.’ పోతుంది, చాలాసార్లు. ర్యామ్‌లో పేరుకున్న పాత జవాబులు చెరిగిపోతాయి, కొత్త చిరునామా వస్తుంది, దారి మళ్లీ కట్టుకుంటుంది. కానీ దాంతోపాటు సాక్ష్యం కూడా పోతుంది. రేపు మళ్లీ అదే జరిగితే మొదటి నుంచి మొదలుపెట్టాలి. రీస్టార్ట్‌కు ముందు ఆ రెండు మూడు కమాండ్ల జవాబును ఫోనులో ఫొటో తీసుకోవడానికి నిమిషం పట్టదు. అది చేశాక ఎన్నిసార్లైనా రీస్టార్ట్ చేయవచ్చు. గేటు దగ్గర సరుకుతో బండి నిలబడి ఉన్నప్పుడు విచారణకు కూర్చోమని నేను అనను. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, చాలా ఫోన్లతో లినక్స్‌కు వేరే డ్రైవరు అడగకుండానే నెట్ వస్తుంది. బిల్లు వచ్చాక విచారించవచ్చు. పైగా టెథరింగ్‌తో నెట్ వచ్చిందంటే బ్రౌజరూ, తర్వాత చెప్పబోయే గడియారమూ బాగున్నాయని కూడా తెలిసింది.

‘అయితే మొత్తం తుడిచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే?’ దీనికి నా జవాబు కొంత ఒప్పుకోలు, కొంత కాదు. ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌తో మిషన్ లేపి, ఇన్‌స్టాల్ నొక్కకుండా అందులోనే నెట్ పనిచేస్తుందో లేదో చూడండి. పనిచేస్తే కార్డు, కేబుల్, రౌటర్ నిర్దోషులు, తప్పు డిస్కు మీద ఉన్న కాన్ఫిగరేషన్‌ది. పనిచేయకపోతే తుడిచి ఇన్‌స్టాల్ చేసినా ఒరిగేది లేదు. పెన్‌డ్రైవ్‌ను సాక్షిగా పిలవండి, మందుగా వాడకండి. లెక్కల ఫైళ్లు పోగొట్టుకుని నెట్ తెచ్చుకోవడం బేరం కాదు.

మూడో అభ్యంతరం కాస్త బరువైనది. ‘విండోస్‌లో ఈ పెత్తందార్ల గొడవ లేదు. మామూలు మనిషి వాడుకోవాల్సిన డెస్క్‌టాప్‌కు ఇన్ని పొరలు ఎందుకు?’ ఈ మాటలో న్యాయం ఉంది. విండోస్‌లో నెట్‌వర్క్ సెట్టింగులకు ఒకే సంస్థ యజమాని కాబట్టి తగువులు తక్కువ. లినక్స్ వాళ్లు పాత దారి, కొత్త దారి రెండూ తెరిచి ఉంచి వాడేవాళ్ల మీద భారం వేశారు, అది వాళ్లు సరిదిద్దుకోవాల్సిన విషయమే. నెట్‌ప్లాన్‌నూ నెట్‌వర్క్ మేనేజర్‌నూ కలపడం ఆ దిశలో ఒక అడుగు. కానీ రెండు డీహెచ్‌సీపీ సర్వర్ల తగువు, ఒకే చిరునామాకు ఇద్దరు, ఇంటర్నెట్ లేని తీగకు తక్కువ వెల, ఇవి ఏ సిస్టమ్‌లోనైనా వస్తాయి. ఏ సెట్టింగు ఎవరు రాశారో విప్పి చూపించడంలో లినక్స్ ముందుంది. విండోస్‌లో ‘ట్రబుల్‌షూట్’ మీట నొక్కితే కాసేపు తిరిగి ‘సమస్య దొరకలేదు’ అనడం ఎరగనివారు ఉండరు.

నా వాదన వర్తించని చోట్లు కూడా ఉన్నాయి, అవి దాచకూడదు. వైఫై కార్డు అసలు కనిపించకపోతే అది పెత్తనం తగువు కాదు. చాలా కార్డులకు కంపెనీ ఇచ్చే ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సూత్రం కోసం డెబియన్ చాలాకాలం అలాంటివి తన మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి మార్చారు, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి కలిసే వస్తున్నాయి. అంతకన్నా పాత డిస్కుతో ఇన్‌స్టాల్ చేసి తల పట్టుకోవడం వృథా. ల్యాప్‌టాప్ పక్కన ఉన్న మీట వల్ల వైఫై ఆగి ఉంటే ‘ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్’ చెబుతుంది. నెలల తరబడి ఆపి ఉంచిన పాత మిషన్‌లో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్లు వెనక్కి పోతుంది. నెట్ బాగానే ఉంటుంది, కానీ వెబ్‌సైట్ల భద్రతా పత్రాల తేదీలు కుదరక బ్రౌజరు ఏ పేజీనీ ఒప్పుకోదు. దానికి డీఎన్ఎస్ మార్చేవాళ్లు ఉన్నారు, తేదీ చూసేవాళ్లు తక్కువ.

‘ఇవన్నీ ఇంగ్లీషులో, నల్ల తెర మీద, మా వల్ల ఎక్కడ అవుతుంది’ అనేవారికి ఒక మాట. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్లుగా పనిచేస్తోంది, కాబట్టి మెనూలు తెలుగులో చూసుకునే వీలు ఉంది. అయినా ఎవరిది పెత్తనమో కనుక్కోవడానికి నేను చెప్పిన కమాండ్లు మూడే. ఐపీ అడ్రస్, ఐపీ రూట్, ఎన్ఎంసీఎల్ఐ డివైస్. వీటిలో ఏదీ ఏమీ మార్చదు, చూపించి ఊరుకుంటుంది. సాంచ మీద అచ్చు, నాడె భాగాలు గుర్తుపట్టే కన్నుకు ఆ జవాబుల్లో ‘డీహెచ్‌సీపీ’, ‘స్టాటిక్’, ‘అన్‌మేనేజ్డ్’ అన్న మూడు మాటలు పట్టుకోవడం పెద్ద పని కాదు. నెట్ బాగున్న రోజునే ఒకసారి వాటిని కొట్టి, వచ్చిన జవాబులను కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అతికించుకుంటే, పోయిన రోజున పోల్చి చూసుకోవడానికి ఒక కొలబద్ద ఉంటుంది.

చివరగా నెట్ కంపెనీకి ఫోన్ చేయాల్సి వచ్చినప్పటి సంగతి. లినక్స్ అనగానే అవతలివారు ‘అది మా దగ్గర సపోర్టు లేదు’ అని పెట్టేయవచ్చు. వాళ్లకు లినక్స్ ఊసే ఎత్తక్కర్లేదు. ‘రౌటర్ దాకా పింగ్ వెళ్తోంది, బయట 8.8.8.8కి వెళ్లడం లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద అదే కంప్యూటరు బాగా పనిచేస్తోంది, ఫైబర్ పెట్టె మీద లాస్ అనే ఎర్ర దీపం వెలుగుతోంది’ అనండి. ఆ ఎర్ర దీపం వెలిగిందంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. అప్పుడు వాళ్లు రౌటర్ రీసెట్ చేయమనీ, కంప్యూటర్ ఫార్మాట్ చేయమనీ అనడానికి ఆస్కారం ఉండదు, లైన్‌మ్యాన్‌ను పంపాల్సిందే.